బుడగలక్క గీకిన పది అచ్చులు

ఆ ల్యాబులో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. హాజరు పుస్తకంలో తప్ప ఆ పేరు ఎక్కడా కనపడదు. అందరికీ ఆవిడ బుడగలక్క. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా అక్కా అనే పిలుస్తాడు. వయసులు లెక్కేసుకుని వరసలు కలుపుకుంటూ కూర్చుంటే ఇక పనెప్పుడు చేస్తామని ఆవిడ కూడా పలికేస్తుంది.

పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళూ, క్యాపులూ, పిల్లల పళ్ళు సరిచేసే సామానూ తయారు చేసి పంపే ల్యాబు అది. రెండో అంతస్తులో నాలుగు గదులు, కింద సైకిళ్ళ దుకాణం. ఆవిడ ఇరవై రెండేళ్ళప్పుడు ఆ గదులు ఊడవడానికి వచ్చింది. అప్పట్లో డాక్టర్లు నోట్లో గులాబీరంగు ముద్ద పెట్టి పళ్ళ ముద్ర తీసి పంపేవారు. ఆ ముద్రలో రాతిపొడి కలిపి పోస్తే, గంటసేపటికి గట్టిపడి అచ్చం ఆ మనిషి పళ్ళలాగే ఉండే అచ్చు బయటికొచ్చేది. అంతా బాగానే ఉంటుంది గానీ, ముద్రలో ఎక్కడో ఒకచోట గాలి చిక్కుకుంటుంది. అక్కడ అచ్చు మీద ఆవగింజంత బొడిపె లేస్తుంది. దాన్నే వాళ్ళు బుడగ అంటారు. దాన్ని తీయకపోతే ఆ అచ్చు మీద చేసిన ఏ సామానూ నోట్లో సరిగ్గా కూర్చోదు. తీయబోతే పన్ను అంచు ఊడి చేతిలోకొస్తుంది. చదువుకొచ్చిన టెక్నీషియన్లే రోజుకు రెండు అచ్చులు పాడుచేసి, నెపం పొడి మీదకు నెట్టేవారు.

ఒకరోజు అలాగే ఒకాయన అచ్చు విరగ్గొట్టి పొడిని తిడుతుంటే, ఊడుస్తున్నావిడ చీపురు గోడకు ఆనించి, రెండో అచ్చు ఇలా ఇవ్వమంది. కత్తిమొనతో ఒక్క విసురు విసిరింది. బుడగ ఎగిరి ఎక్కడ పడిందో ఎవరికీ కనపడలేదు. పన్ను మీద గీత కూడా లేదు. అప్పటి ఓనరును అందరూ పెద్దాయన అనేవారు. ఆయన ఇంకో పది అచ్చులు తెచ్చి ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. మర్నాటి నుంచి చీపురు వేరేవాళ్ళ చేతికి, కత్తి ఈవిడ చేతికి వెళ్ళాయి.

అలా ముప్పై రెండేళ్ళు గడిచాయి. ఆ పని ఆవిడకు ఎంత కొట్టినపిండి అయిందంటే, మాట్లాడుతూనే, నవ్వుతూనే, ఎదుటివాళ్ళ మొహం చూస్తూనే వేలితో తడిమి బుడగ ఎక్కడుందో పట్టేసేది, కత్తి తనంతట తాను అక్కడికి వెళ్ళేది. ఇంత పనితనం ఉన్న మనిషి కాస్త గర్వపడకుండా ఉంటుందా? పడేది. కొత్తగా చేరినవాళ్ళ ముందు పనిగట్టుకుని కళ్ళు మూసుకుని బుడగ తీసి చూపించేది. చూసేవాళ్ళు నోరు వెళ్ళబెడితే, ఇదొక విద్యా అన్నట్టు చీర కొంగుతో చేతులు దులుపుకునేది.

తరవాత కాలం మారింది. పెద్దాయన పోయి ఆయన కొడుకు ఓనరయ్యాడు. చిన్నప్పుడు పొడి బస్తాల మీద నిద్రపోయినవాడే. అందుకే నలుగురిలో ఆవిడ అతన్ని మీరు అంటుంది, ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు అంటుంది. అతను కంప్యూటర్లు తెచ్చాడు, ప్రింటర్లు తెచ్చాడు. ఇప్పుడు డాక్టర్లు ముద్దలు పెట్టరు. పెన్నంత కెమెరా నోట్లో తిప్పితే పళ్ళ బొమ్మ నేరుగా ల్యాబు కంప్యూటర్‌లోకి వస్తుంది. డిజైను చేసే అమ్మాయి దాన్ని సరిచేసి నొక్కితే, పక్కగదిలో ప్రింటరు అచ్చును పొర పొరగా పోసి నిలబెడుతుంది. ఆ అచ్చుల మీద బుడగలుండవు.

ల్యాబుకు ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి పిల్లల పనులు. పై దవడ ఇరుకైన పిల్లలకు, కొత్తగా వచ్చే పళ్ళకు చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఎముక లేతగా ఉండగానే దవడను మెల్లగా పక్కలకు జరిపితే పళ్ళు వాటి చోట అవి కుదురుకుంటాయి. అందుకు వాడేవి అద్దంలా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ తొడుగులు. డాక్టర్లు అలైనర్లంటారు. ఒక్కో తొడుగు దాని ముందుదానికన్నా రెండు మూడు కాగితాల మందమంత వెడల్పు, అంతే. వారానికి ఒకటి మార్చాలి. తినేటప్పుడూ పళ్ళు తోముకునేటప్పుడూ తప్ప రోజంతా నోట్లోనే ఉండాలి. ఇరవై పాతిక తొడుగులయ్యేసరికి దవడ వెడల్పవుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లలతో ఇదంతా చేయించడం ఎంత కష్టమో కన్నవాళ్ళను అడగాలి.

ఇందులో బుడగలక్క వంతు ఏమిటంటే, ప్రింటయ్యేటప్పుడు అచ్చును కింద నుంచి మోసిన సన్నటి పుల్లల మొనలు కత్తితో తీసేయడం, వేడెక్కిన ప్లాస్టిక్ రేకును అచ్చు మీదకు లాగించడం, చల్లారాక చిగురు గీత వెంట కత్తిరించి అంచులు నున్నగా అరగదీయడం. ప్రతి తొడుగు అంచునూ తన మణికట్టు లోపలి చర్మం మీద రాసి చూసుకునేది. కాస్త గరుకు తగిలినా మళ్ళీ అరగదీసే చక్రం మీద పెట్టేది. కడిగి పొట్లం కట్టేది ఆ తరవాతే. పనికి లోటు లేదు గానీ, ఆవిడ విద్యకే గిరాకీ పోయింది. బుడగల్లేని ల్యాబులో తను బుడగలక్క ఏమిటని ఒక్కోసారి తనలో తనే నవ్వుకునేది. ఆ నవ్వు వెనక ఏముందో భర్తకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం ఎవరో పాపవి పది పై దవడ అచ్చులు ఆవిడ బల్ల మీదకు వచ్చాయి. మొదటిదాని పుల్లలు తీస్తుంటే, ఎడమవైపు, ముందుపళ్ళ పక్కన పాలపన్ను ఊడిన ఖాళీలో వేలికి ఏదో తగిలింది. ఆవగింజకన్నా కాస్త పెద్దదైన బొడిపె. ఎన్నాళ్ళకో పుట్టింటివాళ్ళు గుమ్మంలో కనపడినట్టు ఆవిడ మొహం వెలిగిపోయింది. ఎన్ని లక్షలు పోసి కొన్నా ఈ మిషన్లూ మనలాంటివేనన్నమాట అనుకుంది. కత్తి వెళ్ళింది, బుడగ లేచిపోయింది, అక్కడ చిగురు నున్నగా అయింది. రెండో అచ్చు మీదా ఉంది. మూడోదాని మీదా ఉంది. పదింటినీ గీకి, మనసులో పాత పాట ఏదో కూనిరాగం తీసుకుంటూ రేకులు లాగించింది. ఈ సంగతి డిజైను అమ్మాయికి చెప్పి ఏడిపిద్దామనుకుంది. ఆ పిల్ల ఆ రోజు సెలవులో ఉంది. మర్నాటికి ఈవిడే మర్చిపోయింది. చెప్పి ఉంటే ఈ కథే లేదు.

ఆరు వారాల తరవాత, ఆ పాప వాడిన తొడుగులు నాలుగు ఒక సంచిలో వెనక్కి వచ్చాయి. వాటితోపాటు డాక్టరమ్మ రాసిన చీటీ ఉంది. పాప తొడుగులు పెట్టుకోవడం లేదు, మూడోది పళ్ళ మీద కూర్చోవడమే లేదు, పెట్టుకుంటున్నానని ఇంట్లోనూ ఇక్కడా అబద్ధం చెప్పింది, తల్లికి మేజోడులో దాచిన తొడుగు దొరికింది, కొత్త స్కాను పంపుతున్నాం, మళ్ళీ మొదటి నుంచి చేయండి అని అందులో ఉంది. ఓనరు చదివి, ఈ కాలం పిల్లలు అని ఒక మాటనేసి సంచిని చెత్తబుట్ట వైపు తోశాడు.

బుడగలక్క దాన్ని తీసుకుంది. ప్రత్యేకంగా అనుమానమేమీ లేదు. తను చేసిన వస్తువు వాడాక ఎలా ఉందో చూసుకోవడం ఆవిడకు సరదా. మొదటి రెండు తొడుగులూ మసకబారి, సన్నని గీతలు పడి ఉన్నాయి. రోజంతా నోట్లో ఉన్నవి అలాగే ఉంటాయి. మూడోదాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుంది. అది పెట్టుకోని తొడుగు కాదు. ఎడమవైపు నమిలి నమిలి గాట్లు పడి తెల్లగా అయిపోయింది. నాలుగోదీ అంతే. కూర్చోని తొడుగును కూర్చోబెట్టాలని ఎవరో పళ్ళతో కొరికి కొరికి పైకి నెట్టారు. పెట్టుకోకుండా తప్పించుకునే పిల్ల అంత కష్టపడుతుందా?

అరలో ఆ పాప అచ్చులు ఇంకా ఉన్నాయి. మూడోది తీసి, తొడుగు లోపల తెల్లబడిన చోటునూ అచ్చునూ కలిపి చూసింది. ఆ చోట కత్తి గీసిన నున్నటి మచ్చ ఉంది. అది తన కత్తి. ఒక్కొక్కటే పది అచ్చులూ బల్ల మీద వరసగా పెట్టింది. పదింటికీ అదే చోట అదే మచ్చ.  గాలి బుడగ ఒకే చోట రెండుసార్లు రాదు. ముప్పై రెండేళ్ళ కిందట మొదటి వారంలోనే తెలుసుకున్న సంగతి అది. పదిసార్లు ఒకే చోట వచ్చిందంటే దాన్ని ఎవరో కావాలని పెట్టారు.

డిజైను అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఏమీ ఎరగనట్టు, ఈ ఖాళీలో ఏమైనా పెట్టావా తల్లీ అని అడిగింది. ఆ పిల్ల తెర మీద చూపించింది. అక్కడ చిగురు కింద కొత్త పన్ను రావడానికి సిద్ధంగా ఉంది. అది వచ్చేటప్పుడు తొడుగు అడ్డం పడకుండా కాస్త చోటు వదలాలి. అందుకే అచ్చు మీద గుబ్బ పెడతారు, ఆ గుబ్బ మీద లాగితే తొడుగు అక్కడ ఉబ్బెత్తుగా వస్తుంది. ఈ మాట కంప్యూటర్‌లో రాసి పెట్టానక్కా అంది. కంప్యూటర్‌లో రాసింది కంప్యూటర్ చూసేవాళ్ళకే కనపడుతుంది. ఆ మాట అనొచ్చు. తప్పును తలా పిడికెడు పంచుకోవచ్చు. బుడగలక్క అనలేదు. అచ్చును చూడకుండా గీకింది కంప్యూటర్ కాదు.

చోటు లేక ఆ కొత్త పన్ను ప్లాస్టిక్‌కు తలకొట్టుకుంటూ పెరిగింది. వాచిన చిగురు మీద రోజంతా నొక్కుతున్న తొడుగు. పాప నొప్పి అని చెప్పే ఉంటుంది. కొత్త తొడుగన్నాక రెండ్రోజులు నొప్పి మామూలే అని డాక్టరమ్మ వాళ్ళు అనే ఉంటారు. అలా అనడమూ తప్పు కాదు, ప్రతి పిల్లకూ అలాగే చెబుతారు. ఓర్చుకోలేని రోజున పాప దాన్ని తీసి మేజోడులో దాచి ఉంటుంది.

సాయంత్రం ఇంట్లో భర్తకు చెప్పింది. ఆయన దర్జీ. మిషను ఆపకుండానే విన్నాడు. విని, తన చేత తప్పు కొలత పడితే ఏం చేస్తాడో చెప్పాడు. “చొక్కా బిగుతుగా ఉందన్నాడనుకో, ఈమధ్య కాస్త ఒళ్ళు చేశారండీ అంటాను. నిజమేననుకుని నడక మొదలుపెట్టినవాళ్ళు కూడా ఉన్నారు.” ఈ మాటకు ఆవిడ ఎప్పుడూ నవ్వేది. ఇవాళ నవ్వలేదు. ఆ చొక్కా మనిషి గురించి మొదటిసారి ఆలోచించింది. ఏ తప్పూ లేకుండా తన ఒళ్ళే తప్పనుకుని పొద్దున్నే నడుస్తున్న మనిషి. భర్త ఆవిడ మొహం చూసి మిషను మీంచి కాలు తీశాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు, వెళ్ళి చెప్పెయ్ అన్నాడు. చెబితే పేరు కూడా పోతుంది కదా అంది ఆవిడ. 

మర్నాడు ఓనరుకు చెప్పింది. ఇద్దరే ఉన్నారు. అతను అచ్చులన్నీ ఒక్కొక్కటే తీసి చూశాడు. చెడ్డవాడు కాదు. ఆ ల్యాబు మీద పదకొండు ఇళ్ళు నడుస్తున్నాయి, ఒక డాక్టరమ్మ నోట పడితే పదిమంది డాక్టర్ల చెవిన పడుతుంది.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా? డాక్టరమ్మ మనల్నేమీ అడగలేదు. ఈసారి గుబ్బ ఉంచి చేద్దాం. నొప్పి ఉండదు, పాప పెట్టుకుంటుంది. అక్కడితో సరి.”

“ఆ పిల్లను అబద్ధాలకోరు అంటున్నారు బాబూ.”

“పిల్లలు నాలుగు రోజుల్లో మర్చిపోతారులే.”

పిల్లలు మర్చిపోతారన్నది పెద్దవాళ్ళు తమ సుఖం కోసం కనిపెట్టుకున్న మాట. ఇదే ఓనరు, ఏడేళ్ళ వయసులో తను చేయని అల్లరికి పెద్దాయన చేత దెబ్బ తిని, పొడి బస్తాల వెనక కూర్చుని ఏడ్చింది బుడగలక్కకు గుర్తుంది. గుర్తుందా అని అడిగింది. అతను అచ్చు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. కాసేపటికి, నీ ఇష్టం, నన్ను వెళ్ళి చెప్పమనకు, నువ్వే వెళ్ళు అన్నాడు.

ఉద్యోగం ఏమైందని ఆత్రపడేవాళ్ళకు ముందే చెప్పేస్తాను. ఉద్యోగం పోలేదు. పేరు పోయింది. ఇప్పుడు ఆవిడ బల్ల మీదకొచ్చే ప్రతి అచ్చు మీదా ముట్టుకోకూడని చోట ఎర్రచుక్క పెట్టి ఉంటుంది. ఆ చుక్కలు పెట్టేది చేరి ఆర్నెల్లయిన ఆ డిజైను అమ్మాయే. ముప్పై రెండేళ్ళ చేతికి ఎర్రచుక్కల కాపలా. మొదటి వారం ఆవిడ మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా తెరవలేకపోయింది. ఆ తరవాత, చుక్కలు కాస్త పెద్దవిగా పెట్టమ్మా, నా కళ్ళద్దాలు పాతబడ్డాయి అని తనే అడిగింది.

కొత్త తొడుగులు నాలుగు రోజుల్లో తయారయ్యాయి. పాపను రమ్మన్న శనివారం పొద్దున వాటిని తీసుకుని ఆవిడ క్లినిక్కుకు బయల్దేరింది. ఇన్నేళ్ళలో ఎన్నివేల నోళ్ళు ఆవిడ చేతుల మీదుగా వెళ్ళాయో, వాటిలో ఒక్కదానికీ మొహం లేదు. ల్యాబువాళ్ళు పేషెంట్లను చూడరు. ఎక్కడ కూర్చోవాలో తెలియక ముందుగదిలో గోడవారగా నిలబడింది. బల్ల మీద ప్లాస్టిక్ దవడ, దానికన్నా పెద్ద బ్రష్షు ఉన్నాయి. చేపలతొట్టెలో చేపల్లేవు, నీళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. ఎదుటి కుర్చీలో ఒక పాప రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది. పక్కన తల్లి ఆఫీసుకు వెళ్ళే చీరలో, ఫోను చూడకుండా పాపనే చూస్తోంది. ఈ పిల్లేనని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పాపనూ తల్లినీ లోపలికి పిలిచాక ఆవిడా వెనకే వెళ్ళింది. డాక్టరమ్మ సామాను తెచ్చిన ల్యాబు మనిషి అనుకుని పొట్లం కోసం చెయ్యి చాపింది. బుడగలక్క పొట్లంతోపాటు పాత అచ్చు, నమిలిన తొడుగు కూడా బల్ల మీద పెట్టింది. దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది గానీ, తీరా నోరు తెరిస్తే అవి కుదరలేదు.

“అమ్మా, ఈ తొడుగులు చేసింది నేను. ఇక్కడ గుబ్బ ఉండాలి. బుడగనుకుని నేను గీకేశాను. పాపకు నొప్పి పుట్టింది అందుకే. పాప అబద్ధం చెప్పలేదు.”

డాక్టరమ్మ అచ్చు మీద వేలు పెట్టి చూసింది, తొడుగు తిప్పి చూసింది. డాక్టరమ్మ మొహం మొదట ఎర్రబడింది, తరవాత వాడిపోయింది. ఇది నేను కూడా చూసుకోవలసింది అని మెల్లగా అంది. పాత ఎక్స్‌రే తెర మీద పెట్టి, తల్లికి ఆ పన్ను చూపించి అంతా వివరించింది. తల్లి వింది. కానీ అడ్డంగా తలూపింది.

“కానీ తనే ఒప్పుకుందండీ. పెట్టుకోలేదని, నొప్పేమీ లేదని మొన్న తనే చెప్పింది.”

అందరూ పాప వైపు చూశారు. పాప గోడ వైపు చూస్తూ, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. “నేనే పెట్టుకోలేదు. నొప్పి లేదు. ఇకనుంచి పెట్టుకుంటాను. ఇంకెప్పుడూ అబద్ధం చెప్పను.”

బుడగలక్కకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పాప కుర్చీ ముందు కింద కూర్చుంది. నిజం చెప్పినన్నాళ్ళూ ఈ పిల్లకు తిట్లే పడ్డాయి. అబద్ధమని ఒప్పుకున్న రోజున ఇంట్లో అందరూ ఊరుకున్నారు. తన కత్తి ఆ పిల్ల పన్నును మాత్రమే నొప్పించిందనుకుంది ఆవిడ. ఇంతదాకా వెళ్ళిందని తెలియదు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు. నమిలిన తొడుగు తీసి దీపం వెలుగుకు పట్టింది.

“ఇటు చూడు బంగారం. పెట్టుకోనిది కొత్తగా ఉంటుంది. ఇవి నీ పళ్ళ గాట్లు. పట్టకపోయినా పట్టించాలని కొరికావు కదూ? నీ మాట నిజమని ఇది చెబుతోంది.”

పాప తొడుగును చూడలేదు. తల్లి మొహమే చూస్తోంది, ఏ జవాబు చెబితే సరిపోతుందో అక్కడ వెతుక్కుంటున్నట్టు. ఆ చూపు తల్లికి తగిలింది. ఆవిడ కుర్చీ దగ్గరికి జరిపి, పాప చేతుల్ని తొడల కిందనుంచి బయటికి తీసి పట్టుకుంది.  మెల్లగా అడిగింది.

“ఎక్కడమ్మా నొప్పి?”

   అప్పుడు పాప ఒక చెయ్యి విడిపించుకుని, వేలితో పై పెదవి పక్కకు లాగి చూపించింది. వాచిన ఎర్రటి చిగుట్లోంచి కొత్త పన్ను మొన బయటికొచ్చి ఉంది.

“ఇక్కడ,” అంది. “అప్పుడే చెప్పానుగా.”